మంచినీటి పటంలో ఖాళీలు

వైశాఖ బహుళ సప్తమి. గాజులదిబ్బ.

ఈరోజు కందిపప్పు ఉడకలేదు.

మంచినీటి లస్కరు చిట్టాలో పప్పు సంగతేమిటని మీరు అనుకుంటారని తెలుసు. నేను రాయాల్సినవి పోటు ఎంతవరకు ఎక్కింది, పంపు ఎంతసేపు నడిచింది, దిబ్బ కింద ఉప్పు ఏ లోతులో తగిలింది, అంతే. అవి వేరేగా రాశాను. కానీ గాజులదిబ్బలో అందరికీ కలిపి ఒకటే ఎండపొయ్యి. దాని మీద వండే గవర్రాజు బాబాయ్ గరిటె పట్టుకుని వచ్చి నా గుమ్మంలో కూర్చుంటే, రాయకుండా ఉండడం నాకు చేతకాలేదు.

"పడవోడు మళ్ళీ పాత సరుకే అంటగట్టాడమ్మా హైమా. పొద్దున్ననగా పొయ్యెక్కించాను. ఎండ పడమటికి తిరిగిపోయింది, పప్పు మాత్రం గులకరాళ్ళలాగే ఉంది," అన్నాడు.

"నీళ్ళేమో బాబాయ్."

"నీళ్ళకేం? పటంలో మన దిబ్బ పచ్చగా ఉంది కదా. నిన్న నువ్వేగా సూపించావు."

అనుమానం వస్తే నాకు అన్నం సహించదు. పోయినేడాది వాననీళ్ళు ఒక కుండలో పోసి మూతపెట్టి దాచుకున్నాను. అదే పప్పు గుప్పెడు తీసి ఆ నీళ్ళలో వేసి, అదే పొయ్యి మీద పెట్టాను. మెత్తగా ఉడికింది. పడవవాడి తప్పేమీ లేదు. మా బావి నీళ్ళలోనే ఏదో మార్పు వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట రాస్తాను. సముద్రం పొలాల మీదికి వచ్చాక మిగిలినవి ఈ ఇసుక దిబ్బలే. వీటి కింద వాననీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి, పాల మీద మీగడలాగ. ఆ మీగడ తాగే బతుకుతున్నాం. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది, లేచిందంటే ఒక తరం గడిచినా దిగదు. అందుకే ప్రతి దిబ్బకీ ఒక లస్కరు, ఒక ఉప్పుకడ్డీ. కడ్డీని తాడు కట్టి గొట్టంలోకి దింపితే, ఉప్పు తగలగానే కూత పెడుతుంది. తాడు మీద గుర్తులు చూసి లోతు రాసుకుంటాం.

మా కడ్డీ ఇవాళ నాలుగు బారల దగ్గర కూత పెట్టింది. దిబ్బలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మంచినీటి పటమేమో గాజులదిబ్బ కింద ఏడు బారల మంచినీళ్ళున్నాయంటోంది. రెండింట్లో ఒకటి తప్పు.

అష్టమి

ముందు మా కడ్డీనే అనుమానించాను. సముద్రపు నీళ్ళు ఒక బిందెలో, దాచుకున్న వాననీళ్ళు ఇంకో బిందెలో పోసి ముంచి చూశాను. సముద్రపు నీళ్ళలో కూత పెట్టింది, వాననీళ్ళలో నోరు మూసుకుంది. రెండూ కలిపి చూశాను. అప్పుడూ తడబడలేదు. తాడు సాగిందేమోనని గుర్తులన్నీ చేతులు బారచాచి మళ్ళీ కొలుచుకున్నాను. ఇంక దాన్ని అనడానికేమీ లేదు. మనసులో క్షమాపణ చెప్పుకుని తుడిచి పెట్టాను.

అప్పుడు పటం పడవతో రేడియోలో మాట్లాడాను. దిబ్బలన్నీ తలా కాస్త కరెంటు, తలా కాస్త తిండి ఇచ్చి నడుపుకునే లెక్కల యంత్రం ఆ పడవలో ఉంటుంది. చూసుకునే మనిషి కృపావరం. మాటలో నిదానం, ఎవరినీ నొప్పించడు. అంత మర్యాద చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది.

"మీ నాలుగు బారలు పటంలో ఎక్కలేదండి హైమావతి గారూ," అన్నాడు. "కొన్నేళ్ళ కిందటి పెద్ద తుఫాను నుంచీ యంత్రం మీ కొలతని పక్కన పెడుతోంది. చుట్టుపక్కల దిబ్బలన్నీ ఏడు, ఏడున్నర అంటున్నాయి. మీరొక్కరే నాలుగు, నాలుగున్నర. ఒక్కటే అలా వేరుగా ఉంటే కడ్డీ పాడైందనుకుంటుందండి, చుట్టూ ఉన్న లెక్కే మీకూ వేస్తుంది."

"అనుకుంటే నాకు చెప్పొద్దా?"

"పందిట్లోనే ఉందండి. ఏ కొలత ఎందుకు తీసుకోలేదో మొత్తం రాసి ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. ఎవరూ చూడరు, అంతే."

ఆయన అన్నది నిజం. అందుకే ఇంకా కోపం వచ్చింది. పందిరి అని మేం పిలిచేది దిబ్బల కొలతలన్నీ ఉండే చోటుని. మా అమ్మల కాలంలో ఎవరి కొలతలు వాళ్ళు దాచుకుని, ఒకరి బావిని ఇంకొకరు పాడుచేసుకున్నాక, బుద్ధొచ్చి పెట్టుకున్న ఏర్పాటు అది. తాళం లేదు. కొలతలూ, ఇలాంటి లస్కరు చిట్టాలూ పొద్దు వాలేసరికి అందులోకి వెళ్ళిపోతాయి. ఎవరైనా చదువుకోవచ్చు, పక్కన తమ మాటా రాయొచ్చు. ఇన్నేళ్ళుగా నా కొలత అందులో చిత్తుకాగితంలా పడి ఉంటే, అందరికంటే ముందు చూడాల్సిన నేనే చూడలేదు.

కృపావరం ఇంకో మాట చెప్పాడు. కాకులదిబ్బ మునిగిపోతోందని అందరికీ తెలిసిందే. అక్కడి ముప్ఫై కుటుంబాలనీ మా గాజులదిబ్బకి పంపాలని దిబ్బల సభ తీర్మానించిందట. జ్యేష్ఠ పౌర్ణమి పోటుకి పడవలు ఇసుకమేట దాటగలవు కాబట్టి ఆరోజు వస్తారట.

"పటంలో మీకు ఏడు బారలు ఉంది కదండీ, అది చూసి," అన్నాడు.

వాళ్ళొచ్చిన రోజునుంచి రెండో పంపు తిప్పాలి. కడ్డీ చెప్పేదే నిజమైతే, వచ్చినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ కలిపి ఇక్కడ తాగడానికి ఉప్పునీళ్ళే మిగులుతాయి. అప్పుడు మేమూ పడవలెక్కాలి.

దశమి

ఈరోజు పందిట్లో కూర్చుని పొరుగు దిబ్బల పాత కొలతలు చదివాను. ఒకటి కనిపించింది. అది రాసేముందు ఒక మనిషితో మాట్లాడాలి. అందుకని ఈ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను. దాచుకుంటోందని ఎవరైనా అంటే, అవును, దాచుకుంటున్నాను.

పక్కన రాసినవి:

ఊరించడం ఎందుకండీ? ఏం కనిపించిందో చెప్పి పడుకోవచ్చుగా. (ఏటిమొగ నుంచి ఒక చదువరి)

ఆ మనిషిని నేనేనా హైమా? రా. పండుగప్ప పులుసు పెడతాను. (తాయారు, మొగలిదిబ్బ)

ద్వాదశి

ఆటు మొదలవగానే పడవ వేసుకుని మొగలిదిబ్బ వెళ్ళాను. అక్కడి లస్కరు మంగతాయారు నాకు వరసకి వదిన. ఈ పని నాకు నేర్పింది ఆవిడే. కడ్డీ దింపేటప్పుడు తొందరపడితే చేతిమీద ఒక్కటిచ్చేది.

మొన్న నాకు కనిపించింది ఇదీ. ఆ పెద్ద తుఫానులో సముద్రం పొన్నదిబ్బ మీదనుంచి నడిచి అవతలికి వెళ్ళింది. అక్కడి మనుషుల్ని పడవల్లో తెచ్చుకుని, నీళ్ళు తీశాక తిరిగి దింపింది మేమే. ఆ నెల పొన్నదిబ్బ కొలత చూస్తే మంచినీళ్ళు ఏడు బారలే, ఏ మార్పూ లేదు. ఊరంతా మునిగితే బావికి తెలియకపోవడమేమిటి? దాని పక్కనున్న మొగలిదిబ్బ కొలతా అంతే. ఇవి రెండూ ఎప్పుడు పెరిగినా, ఎప్పుడు తగ్గినా, అంతకు కాస్త ముందు దూరాన ఉన్న ఏటిమొగ పెరిగింది, తగ్గింది. ఏటిమొగ దారి వేరు, ఇసుక వేరు. ఇంత కలిసికట్టుగా నడిచే బావుల్ని నేనెక్కడా చూడలేదు.

వదిన పులుసు పెట్టింది. నేను వస్తున్నానని తన వంతు నీళ్ళు ఎసట్లో పోసిందట. మొగలిదిబ్బలో ఏడు బారలకి జనం ఎక్కువ, అందుకే నీళ్ళ దగ్గర వదిన చాలా కచ్చితం. మనిషికి ఇన్ని చెంబులని కొలిచి పోస్తుంది, పిల్లల స్నానం వారానికి ఒకసారి. ఇదంతా గొప్పగానే చెప్పుకుంది. కడ్డీ దింపే నీళ్ళగది చూద్దామంటే ముందు తినమంది. తిన్నాక కాస్త నడుం వాల్చమంది. చెయ్యి కడుక్కునే నెపంతో దొడ్లోకి వెళ్ళాను.

దొడ్లో బట్టల తీగకి ఊతంగా నిలబెట్టింది గెడ కాదు, ఉప్పుకడ్డీ. తీగ మీద రెండు చీరలు, కడ్డీ కొసన ఒక కాకి. గుర్తులున్న తాడుతో మేకని కట్టేశారు.

నాకు నవ్వు ఆగలేదు. వదిన వెనకే వచ్చి నిలబడింది. ఆవిడ నవ్వలేదు.

"తుఫానప్పుడు లోపలికి తడి చేరిందే. కూత పోయింది. బాగుచేయిద్దామంటే సామాను దొరకలేదు," అంది.

"మరి నెలనెలా చెప్పే ఏడు బారలు?"

"ఏటిమొగ రాఘవులునడిగి తెచ్చుకునేదాన్ని. ఆడు మంచోడు, అడగ్గానే చెప్తాడు."

"ఖాళీ వదలొచ్చు కదా వదినా. పందిరి మొదట్లోనే రాసి ఉంది, కొలవకపోతే ఖాళీగా వదలమని."

"రాసినోళ్ళకేం, రాస్తారు. పోటు ఎప్పుడెక్కుద్దో పందిరి చెప్తంది. గాలివాన వస్తందంటే పందిరి చెప్తంది. అన్నీ పుచ్చుకుని, మన వంతొచ్చేసరికి ఖాళీ అనమంటావా? పక్కింటోళ్ళు గిన్నెతో కూర పంపితే, ఆ గిన్నె ఖాళీగా తిరిగిచ్చే ఆడమనిషి ఈ దిబ్బల్లో ఉందా చెప్పు. ఇంత బెల్లంముక్కన్నా వేసిస్తాం. నేనూ అదే చేశాను."

"పొన్నదిబ్బవాళ్ళు?"

"ఆళ్ళదీ పోయింది. నన్నడిగారు. అడిగితే లేదంటామా?"

అక్కడికి నా నవ్వు పోయింది. ఒక ఇంటి తోడుతో వాడంతా పెరుగు తోడేసుకున్నట్టు, ఏటిమొగ కొలత ఒక్కటే దిబ్బ దిబ్బకీ వెళ్ళి, ప్రతిచోటా సొంత కొలతగా కూర్చుంది. అవన్నీ ఒక్కమాట మీదున్నాయి కాబట్టి యంత్రం వాటిని నమ్మింది. నిజంగా కొలిచిన నన్ను పక్కన పెట్టింది. ఇందులో దొంగ ఎవరూ లేరు. మర్యాదస్తులందరూ కలిసి మా ఊరి బావిని ఉప్పు చేస్తున్నారు.

నాకు కోపం వచ్చింది. వదిన మీద ఇష్టమూ తగ్గలేదు.

"పౌర్ణమికి మా దిబ్బకి ముప్ఫై కుటుంబాలొస్తున్నాయి వదినా. నీ ఏడు బారలు చూసి పంపుతున్నారు. మాకున్నది నాలుగే," అన్నాను.

వదిన మేక మెడలో తాడు సర్దింది. తర్వాత, "చిట్టాలో ఏం రాస్తావు?" అంది.

"చూసింది రాస్తాను. పులుసు బాగుందని కూడా రాస్తాను."

"ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోనే?"

పులుసు బాగుంది.

త్రయోదశి

పక్కన రాతలు నా చిట్టా కన్నా పొడుగైపోయాయి. సగంమంది వదినని తిట్టారు. మిగిలిన సగం, పెద్దావిడ పరువు బజారున పెట్టానని నన్ను తిట్టారు. బట్టల తీగకి కడ్డీ కన్నా వెదురు మేలని ఒకాయన సలహా రాశాడు. వదిన మాత్రం ఒక్క ముక్కా రాయలేదు.

మధ్యాహ్నం కృపావరం రేడియోలో పిలిచాడు.

"మీరు రాసింది నిజమేనండి. నేనూ చూశాను. ఇలాంటి అరువు కొలతలు ఇంకా చాలా దిబ్బల్లో ఉన్నట్టున్నాయి."

"అయితే తీసెయ్యండి."

"నేను తియ్యకూడదండి. ఎవరు పెట్టిన కొలత వాళ్ళే తియ్యాలి. ఆ ఒక్క కట్టుబాటు లేకపోతే రేపు నాకు నచ్చనివన్నీ నేనే తీసేస్తాను." ఇంకా నెమ్మదిగా అన్నాడు. "ఇంకోటుందండి. వాళ్ళు తీసేస్తే పటం చాలామటుకు తెల్లబడిపోతుంది. తెల్లపటానికి మా కరెంటు ఎందుకివ్వాలని దిబ్బలవాళ్ళు అడుగుతారు. యంత్రం ఆగిపోతే పోటు కబురూ ఉండదు, గాలివాన కబురూ ఉండదు. ఆలోచిస్తుంటే నాకు నిద్రపట్టట్లేదు."

"మరి తియ్యమంటారా, వద్దంటారా?"

"తియ్యమనే అంటానండి. లేని కొలతతో గీసిన పటం నేను ఎవరికీ చూపించలేను."

భయపడుతూనే ఆ మాట అన్నాడు. ఆయన మర్యాద మీద నాకున్న చిరాకు ఈరోజుతో పోయింది.

అమావాస్య

పోటు దిబ్బ నడుం దాకా ఎక్కింది. కడ్డీ మూడున్నర దగ్గరే కూత పెట్టింది. పంపు సగానికి తగ్గించాను. టీలో పాలు విరిగాయి. పసివాళ్ళకి కాచిన గంజి ఉప్పు వేసినట్టుందని తల్లులు గిన్నెలు పట్టుకుని నా గది ముందు నిలబడ్డారు. ఒకావిడ గిన్నె నా నోటి దగ్గర పెట్టి రుచి చూడమంది. చూశాను. ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను.

ఎండపొయ్యి దగ్గర ఊరంతా కూడాం. కాకులదిబ్బవాళ్ళని రావద్దని కబురు పెడదామన్నారు కొందరు.

"ఏమని పెడతారు?" అన్నాడు గవర్రాజు బాబాయ్. "పటంలో మనం పచ్చగా కనిపిస్తన్నాం. నీళ్ళుండీ మునిగినోళ్ళని తోసేశారంటారు. ఆ మాట మన పిల్లల పెళ్ళిళ్ళ దాకా వస్తది."

కబురు ఆలోచన అక్కడితో మానుకున్నాం.

ఇంక మిగిలింది పిలుపే. ప్రతి నెలా శుద్ధ పంచమి పొద్దున్న దిబ్బలన్నీ వరసగా రేడియోలో తమ కొలత పైకి చెబుతాయి. ఆ రోజు తాయారు వదిన మళ్ళీ ఏడు అందంటే పటం మారదు. కాకులదిబ్బ పడవలు నేరుగా మా రేవుకే వస్తాయి.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

పిలుపు వినడానికి నా గదిలో ఎప్పుడూ నేనొక్కదాన్నే ఉంటాను. ఇవాళ కిటికీల్లోంచి కూడా తలకాయలు. గవర్రాజు బాబాయ్ పొయ్యి వదిలేసి వచ్చాడు. గోడ మీద పటం వెలుగుతోంది, ఎప్పటిలాగే నిండుగా, పచ్చగా.

వరసలో మొదటిది ఏటిమొగ. "ఏడు బారలండి," అన్నాడు రాఘవులు. పాపం, ఆయన ఎప్పుడూ నిజమే చెప్పాడు. తర్వాతది మొగలిదిబ్బ.

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. కృపావరం రెండోసారి పిలిచాడు. నేను రేడియోకి చెవి ఆనించాను.

"మొగలిదిబ్బ," అంది వదిన. "కడ్డీ లేదు. కొలవలేదు. ఖాళీ. తుఫాను తర్వాత నేను చెప్పినయ్యన్నీ కూడా ఖాళీ అని రాసుకోండి. తీసేస్తన్నాను."

పటంలో మా పక్కన ఒక ముక్క తెల్లబడింది. కిటికీల్లో తలకాయలు ఇంకా ముందుకొచ్చాయి.

"పొన్నదిబ్బ," అన్నారు తర్వాత. అక్కడ లస్కరు కుర్రది, దాని గొంతులో ఏడుపు వినిపించింది. "మాదీ ఖాళీ అండి. తాయారు పిన్ని చెప్పింది కాబట్టి నేనూ చెప్తన్నాను."

అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు. కొందరు ఖాళీ అనే ఒక్కమాట చెప్పి ఊరుకున్నారు. కొందరు కారణాలు చెప్పారు. ఒకాయన తన కడ్డీ ఎప్పుడో పోయిందనీ, పైగా తన దగ్గర అరువు తీసుకునే దిబ్బలు ఇంకా ఉన్నాయనీ చెప్పి, వాటి పేర్లు మాత్రం చెప్పనన్నాడు. ఆ పేర్లవాళ్ళే తర్వాత వరసలో ఖాళీ, ఖాళీ అంటూ వచ్చారు. నా కళ్ళముందే పటం ఆ చివరినుంచి ఈ చివరికి తెల్లబడిపోయింది. అక్కడక్కడ రంగున్న చుక్కలు మిగిలాయి.

నా వంతు వచ్చింది. "గాజులదిబ్బ. మూడున్నర బారలు. కొలిచింది," అన్నాను.

కాదనడానికి పక్కన ఎవరూ లేరు. యంత్రం ఈసారి నా మాట తీసుకుంది. మా దిబ్బ ఎర్రబడింది. సొంత ఊరు ఎర్రబడితే సంతోషించిన లస్కరు ఇంకెవరైనా ఉంటారో లేదో గానీ, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇదండీ మన పటం," అన్నాడు కృపావరం. "కరెంటు ఆపేస్తామంటే చెప్పండి. యంత్రం దింపేస్తాను."

"ఆపడమెందుకండి," అంది ఎక్కడినుంచో ఒక గొంతు. "ఎక్కడ చూడాలో ఇవాళే కదా తెలిసింది."

అప్పుడు కాకులదిబ్బ నుంచి నూకరాజు మాట్లాడాడు. "మేం ఇళ్ళు విప్పేశామండి. వాసాలు పడవల్లో పెట్టేశాం. గాజులదిబ్బకి రావద్దంటే రాం. ఎక్కడికి రావాలో మాత్రం చెప్పండి."

ఆ తెల్లచోట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. భయం వేయాల్సింది. నాకు మాత్రం వాటి కింద ఏముందో చూడాలని చెయ్యి దురద పెట్టింది. పనిచేసే కడ్డీలని ఏ దిబ్బకాదిబ్బ దాచుకోకుండా పడవల్లో తిప్పుదామన్నాను. దగ్గరున్న తెల్లచోటు మొగలిదిబ్బే కాబట్టి, మా కడ్డీ ముందు అక్కడికి పంపుతామన్నాను. ఊరిని అడక్కుండానే అన్నాను. తర్వాత అందరూ నా మీద పడ్డారు, మన నీళ్ళు పోతుంటే మన కడ్డీ పొరుగుదిబ్బకి ఎందుకని. గవర్రాజు బాబాయ్ అందరికన్నా గట్టిగా అరిచాడు. నేను చెప్పింది ఒకటే. మనకి ఎన్ని నీళ్ళున్నాయో తెలిసిపోయింది, కడ్డీ ఇక్కడే ఉంటే అవి పెరగవు. ఆ పడవలవాళ్ళకి వేరేచోటు దొరక్కపోతే వాళ్ళు మన రేవులోనే నిలబడతారు, అప్పుడు దాహమేస్తోందన్నవాళ్ళకి నీళ్ళు లేవని చెప్పే పని బాబాయ్‌కే అప్పగిస్తానన్నాను. బాబాయ్ వెళ్ళి పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేశాడు. కాసేపటికి దారిలోకి తినడానికి అటుకులు మూటకట్టి తెచ్చాడు.

నవమి. మొగలిదిబ్బ.

గొట్టం చాలాకాలంగా వాడక ఇసుక చేరింది. వదినా నేనూ పొద్దున్నంతా తోడి పోశాం. పిలుపు తర్వాత ఊళ్ళో ఎవరూ ఆవిడని ఏమీ అనలేదట. అదే కష్టంగా ఉందని చెప్పింది.

కడ్డీ నేను దింపుతుంటే, తొందరపడకు అంది. అలవాటు పోలేదు.

మూడు దాటింది, కూత లేదు. నాలుగు దాటింది. ఏడు గుర్తూ లోపలికి పోయింది. కూత లేదు. కడ్డీ పాడైందేమోనని పైకి లాగి సముద్రంలో ముంచి చూశాను. చెవులు చిల్లులు పడేలా కూసింది. మళ్ళీ దింపాం. ఎనిమిది దాటేసరికి తాడు అయిపోయింది. మా దిబ్బకి అంతకన్నా ఎప్పుడూ అవసరం పడలేదు. వదిన పరిగెత్తి మేకని విప్పి దాని తాడు తెచ్చింది. ముడేసి దింపాం. పదకొండు బారల దగ్గర కూత పెట్టింది.

పదకొండు. ఎందుకో నాకు తెలీదు. కింద ఏ కాలం నాటి ఏరో ఇసుక పరిచి పోయిందేమో. పందిట్లో అడుగుతాను, ఎవరికైనా తెలిస్తే పక్కన రాయండి.

నేను సంబరంగా వదిన వైపు తిరిగాను. ఆవిడ ఇసుకలో కూలబడిపోయి ఉంది.

"ఏటిమొగోళ్ళ దాహం తెచ్చి మా వాళ్ళకి పెట్టాను కదే హైమా," అంది. "ఇన్నేళ్ళూ చెంబులు లెక్కపెట్టి పోశాను. పెళ్ళైనోళ్ళకి కొత్త ఇంటికి నీళ్ళు లేవని చెప్పింది నేనే. నా కూతురికీ చెప్పాను. అదీ అల్లుడూ ఏడుస్తా పడవెక్కారు. కింద ఇన్ని నీళ్ళు పెట్టుకుని."

నేను పక్కన కూర్చున్నాను. తప్పు నీది కాదు అనాలనిపించింది, అది నిజం కాదు. నీదే అనాలంటే అదీ నిజం కాదు. చెయ్యి పట్టుకున్నాను. వదిన లేచి, కొలత తనే రేడియోలో చెబుతానంది. చెప్పింది. కొలిచింది అనే మాట రెండుసార్లు చెప్పింది.

పౌర్ణమి

సభ మాట మార్చింది. కాకులదిబ్బ పడవలు ఈరోజు మా ఇసుకమేట దగ్గర మలుపు తిరిగి మొగలిదిబ్బకి వెళ్ళాయి. గాజులదిబ్బలో ఒక్క పంపే, అదీ సగమే నడుస్తోంది. వానలు సరిగ్గా పడితే మాకు ఎన్నేళ్ళకి మీగడ కడుతుందో కృపావరం లెక్క వేస్తున్నాడు. దాహం తీరా తాగే నీళ్ళు మొగలిదిబ్బనుంచి పడవల్లో వస్తాయి. రేపు కడ్డీతో పొన్నదిబ్బ వెళ్ళాలి. ఇవాళ మాత్రం నేను మొగలిదిబ్బ రేవులో ఉన్నాను, పని లేకపోయినా.

పోటు బాగా ఎక్కింది. నూకరాజు పడవ ముందు తగిలింది. వాసాల మీద కోళ్ళు, కోళ్ళ మధ్య ముసలమ్మలు. దిగడానికి అందరూ మొహమాటపడ్డారు. ఒకచోటికి రమ్మని ఇంకోచోటికి పంపితే ఎవరికైనా ఆ మాత్రం ఉంటుంది.

వదిన రేవు ఒడ్డున నిండు బిందెలు వరసగా పెట్టించింది. దిగిన ప్రతి మనిషి కాళ్ళ మీదా, మునివేళ్ళు తడిపి ఊరుకోకుండా, బిందె వంచి పోసింది. నూకరాజు, చాలమ్మా చాలమ్మా అంటూ వెనక్కి జరిగాడు. వదిన వినలేదు. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతుంటే మొగలిదిబ్బవాళ్ళందరూ నోరు తెరుచుకుని చూశారు.

మొగలిదిబ్బ పిల్లల్లో ఒకత్తె, ఐదారేళ్ళది, వదిన కొంగు పట్టుకు లాగింది.

"అత్తా, నేలమీద పోస్తన్నావేంటి? తప్పు కదా," అంది.

ఆ మాట ఆ పిల్లకి నేర్పింది వదినే. పిల్లని దగ్గరికి తీసుకుని, ఇంకో బిందె ఎత్తి దాని కాళ్ళ మీద కూడా పోసింది.